అమ్మ ఎమ్మారైలో ‘గ్రేడ్ 1’ని నమ్మాలా, ‘91వ పర్సంటైల్’ని నమ్మాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 66 ఏళ్లు. తెనాలిలో నాన్నతో ఉంటుంది. బీపీ వచ్చి పదేళ్లయింది. మాత్రలు వేసుకుంటుంది కానీ, ఒంట్లో బాగుందనిపిస్తే మానేస్తుంది. నిరుడు కళ్లు తిరుగుతున్నాయంటే గుంటూరులో మెదడు ఎమ్మారై తీయించాం. ‘తెల్ల పదార్థంలో అక్కడక్కడా చిన్న మచ్చలు, ఫాజెకాస్ గ్రేడ్ 1, వయసుతో వచ్చే మార్పులు’ అని రాశారు. డాక్టర్ గారు భయపడక్కర్లేదన్నారు. మొన్న హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు హెల్త్ చెకప్ ప్యాకేజీలో మళ్లీ ఎమ్మారై తీశారు. ఈసారి కంప్యూటర్ తయారుచేసిన రిపోర్టు ఇచ్చారు. అందులో ‘మచ్చల వాల్యూమ్ 6.8 మిల్లీలీటర్లు, 91వ పర్సంటైల్’ అని, పక్కన ఎర్ర గుర్తు. 14 నెలల్లో ఇంత పెరిగిందా? గుంటూరులో సరిగ్గా చూడలేదా? మా తమ్ముడు ‘మెషిన్ లెక్క తప్పదక్కా’ అంటున్నాడు. మా పెదనాన్న అయితే మెదడు ఎండిపోతోందని అమ్మ ముందే అనేశారు. అప్పట్నుంచి అమ్మ సరిగ్గా నిద్రపోవట్లేదు. అమ్మకి మతిమరుపు వస్తుందా? మూడు నెలలకోసారి స్కాన్ తీయించమంటారా?
— ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసిన రెండు రిపోర్టులనూ బట్టి చూస్తే, ఈ 14 నెలల్లో మీ అమ్మగారికి జబ్బు పెరిగిందని చెప్పడానికి ఆధారం ఏమీ లేదు. పెరగలేదని రుజువు చేసేదీ లేదు. ఎందుకంటే ఆ రెండు కాగితాలూ ఒకే కొలతని రెండుసార్లు తీసినవి కావు. మొదటిది ఒక రేడియాలజిస్టు కళ్లతో చూసి వేసిన గ్రేడు. రెండోది వేరే ఊళ్లో, వేరే మెషిన్ మీద తీసిన బొమ్మల్ని ఒక సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి ఇచ్చిన అంకె. గ్రేడ్ 1 నుంచి 91కి ఎగబాకిందని మీరు అనుకుంటున్నారు. ఆ 1 వేరు, ఈ 91 వేరు. ఒకదాని మీంచి ఒకటి తీసేయగలిగే అంకెలు కావవి.

నేను ఇరవై ఏళ్లకి పైగా ఈ బొమ్మలే చూస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. తర్వాత మీ తమ్ముడికీ చదివి వినిపించండి.

ముందు ఆ మచ్చలేమిటో చూద్దాం. మెదడు పైపొరలో ఆలోచన చేసే కణాలుంటాయి. అది బూడిద పదార్థం. ఆ కణాలని ఒకదానితో ఒకటి కలిపే తీగలన్నీ లోపల ఉంటాయి. తీగ మీద కొవ్వుతో చేసిన తొడుగు ఉంటుంది కాబట్టి ఆ భాగం తెల్లగా కనిపిస్తుంది, అదే తెల్ల పదార్థం. దానికి రక్తం తెచ్చే నాళాలు మెదడు పైనుంచి బయల్దేరి, వెంట్రుకంత సన్నబడుతూ, చాలా లోతుకి దిగాలి. మీది తెనాలి కాబట్టి కాలువ చివరి భూముల సంగతి మీకు చెప్పక్కర్లేదు. తూము దగ్గర పొలానికి నీళ్లు ఎప్పుడూ అందుతాయి. కాలువలో ప్రవాహం కొంచెం తగ్గినా ముందు ఎండేది చివరి మడి. మెదడు మధ్యలో నీటి గదులుంటాయి, వాటిని వెంట్రికల్స్ అంటాం. ఆ గదుల చుట్టూ ఉన్న తెల్ల పదార్థం సరిగ్గా అలాంటి చివరి మడి. ఏళ్ల తరబడి బీపీ వల్ల సన్న నాళాల గోడలు మందమైపోతే రక్తం ముందు అక్కడే తగ్గుతుంది. తీగల తొడుగు పలచబడి, ఆ చోట నీటిశాతం పెరుగుతుంది. ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే ఒక రకం బొమ్మ తీస్తాం. అందులో గదుల్లోని నీరు నల్లగా అణిగిపోయి, ఈ దెబ్బతిన్న చోట్లు మాత్రం తెల్లగా మెరుస్తాయి. రిపోర్టులో ‘హైపర్ ఇంటెన్సిటీ’ అంటే ఆ మెరుపే. మెదడు ఎండిపోవడం కాదు. పెదనాన్నగారికి కోపం రాకుండా ఈ సంగతి మీరే చెప్పండి. అలాంటి మాట పేషెంటు ముందు అనేస్తే, స్కాన్‌లో ఉన్న మచ్చకంటే ఆ మాటే ఎక్కువ కాలం బాధపెడుతుంది.

ఈ మచ్చలు చాలా మామూలు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ల మధ్య ఉన్న 1,077 మందికి స్కాన్ తీసి చూశారు. ఒక్క మచ్చ కూడా లేనివాళ్లు 5 శాతమే. మీ అమ్మగారి వయసులో మచ్చ ఉండటం వార్త కాదు. అవి ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, ఏ రకంవి అన్నదే మేం చూసేది.

ఇక మేం గ్రేడు ఎలా వేస్తామో చెప్తాను. ఫాజెకాస్ అనేది ఒక ఆస్ట్రియా న్యూరాలజిస్టు పేరు. ఆయన బృందం 1987లో ప్రచురించిన పద్ధతి ఇది. రిపోర్టింగ్ రూములో లైట్లు తగ్గించి, ఫ్లెయిర్ బొమ్మల్ని మౌస్ చక్రంతో కింది నుంచి పైకి జరుపుతూ చూస్తాం. ముందు నీటి గదుల అంచులు. గది కొమ్ముల మీద చిన్న టోపీలాగానో, గోడ వెంబడి పెన్సిల్ గీతంత సన్నగానో మెరిస్తే 1. ఆ గీత నున్నటి పట్టీలా మందమైతే 2. పట్టీ అంచులు చెదిరి తెల్ల పదార్థం లోతుల్లోకి పాకితే 3. తర్వాత లోపలి భాగం. విడివిడి చుక్కలుంటే 1, చుక్కలు ఒకదాన్నొకటి తాకడం మొదలైతే 2, కలిసిపోయి పెద్ద మేఘంలా అయితే 3. ఏమీ లేకపోతే 0. అలవాటైన కంటికి ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని.

ఇక్కడే మీ అనుమానానికి సగం జవాబుంది. విడివిడిగా మూడు చుక్కలున్నా గ్రేడ్ 1, ముప్పై చుక్కలున్నా గ్రేడ్ 1. అవి కలవనంతకాలం మేం రాసే అంకె మారదు. ఆ ఇద్దరికీ మిల్లీలీటర్ల లెక్కలో మాత్రం చాలా తేడా ఉంటుంది. గుంటూరులో 1 రాసిన మెదడులో మచ్చలన్నీ కలిపి అప్పటికే కొన్ని మిల్లీలీటర్లు ఉండి ఉండొచ్చు. అలా ఉన్నా ఆ డాక్టరు రాసింది తప్పు కాదు. ఆయన్నెవరూ మిల్లీలీటర్లు అడగలేదు.

రెండో రిపోర్టు సంగతికొద్దాం. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మల్ని చిన్న చిన్న గడులుగా తీసుకుంటుంది. ఒక్కో గడి మెరుపు చూసి, ఇది మచ్చ, ఇది కాదు అని తేలుస్తుంది. మచ్చ అనుకున్న గడులన్నిటినీ కూడి, గడి సైజుతో గుణిస్తే వచ్చేదే 6.8 మిల్లీలీటర్లు. టీ చెంచా 5 మిల్లీలీటర్లు. అంటే చెంచా దాటి ఇంకొంచెం. మెదడు మొత్తం 1,200 మిల్లీలీటర్లు అనుకుంటే ఇది అర శాతం పైచిలుకు. ఆ ఎర్ర గుర్తు చూసినప్పుడు ఈ లెక్క మీకెవరూ చెప్పి ఉండరు.

91వ పర్సంటైల్ అంటే 91 శాతం పాడైందని కాదు. చాలామంది అలాగే చదువుకుంటున్నారు. జేఈఈలో పర్సంటైల్ ఇస్తారు కదా, అదే అర్థం. మీ అమ్మగారి వయసువాళ్లని వందమందిని మచ్చల వాల్యూమ్ ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకి వరుసలో నిలబెడితే, ఆవిడ సుమారు 91వ చోట ఉంటారు. పరీక్షలో పైన ఉంటే మంచిది, ఇక్కడ కింద ఉంటే మంచిది, అంతే తేడా. ఆ వందమంది ఎవరు అన్నది మాత్రం అడగాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పోలిక కోసం పెట్టుకున్న జనం ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్లు. మన మెదళ్ల కొలతలు సగటున వాళ్లకంటే కొంత చిన్నవి. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వందమంది భారతీయుల స్కాన్లతో మన మెదడుకి ఒక అట్లాస్ తయారుచేసినప్పుడు ఆ తేడా కనిపించింది. అయితే అందులో ఉన్నవాళ్లు ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లు, అరవై దాటినవాళ్ల మచ్చలకి ఆ అట్లాస్ కొలబద్ద కాదు. మీ రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఆ పోలిక జనం గురించి ఒక పేరా ఉండొచ్చు. ఉంటే చదవండి. తల సైజుని సరిచేసి లెక్కకట్టారో లేదో కూడా అక్కడే ఉంటుంది.

ఇంకో విషయం కొంచెం నెమ్మదిగా చదవండి, మీ ప్రశ్నకి ఇదే అసలు గుండెకాయ. ఒక మచ్చ గుండ్రంగా, 10 మిల్లీమీటర్ల అడ్డకొలతతో ఉందనుకోండి. దాని వాల్యూమ్ 0.52 మిల్లీలీటర్లు. అదే మచ్చ అంచుని సాఫ్ట్‌వేర్ అన్ని వైపులా అర మిల్లీమీటరు బయటికి గీసిందనుకోండి. అడ్డకొలత 11 అవుతుంది, వాల్యూమ్ 0.70కి వెళ్తుంది. మూడో వంతు పెరిగింది. మెదడులో ఏమీ జరగలేదు, గీత అర మిల్లీమీటరు జరిగింది. మచ్చ అంచు కత్తితో కోసినట్టుండదు. దీపం వెలుగు చీకట్లో కలిసిపోయినట్టు మెల్లగా తగ్గుతుంది. ఆ వెలుగులో గీత ఎక్కడ గీయాలన్నది మెషిన్ని బట్టి, బొమ్మ నాణ్యతని బట్టి మారుతుంది. టెస్లా అంటే మెషిన్ అయస్కాంతం బలానికి కొలత; 1.5 టెస్లా మెషిన్లో తీసిన బొమ్మా 3 టెస్లాలో తీసిన బొమ్మా ఒకలా ఉండవు. ఒకచోట మెదడుని 5 మిల్లీమీటర్ల మందం ముక్కలుగా తీస్తారు, ముక్కకీ ముక్కకీ మధ్య కాస్త ఖాళీ వదిలేస్తారు. ఇంకోచోట 1 మిల్లీమీటరు మందంతో ఖాళీ లేకుండా తీస్తారు. మందం ముక్కల్లో మునిగిపోయిన చుక్కలు సన్న ముక్కల్లో బయటపడతాయి. స్కాన్ మధ్యలో మీ అమ్మగారు ఒకసారి దగ్గినా అంచులు అలుక్కుపోతాయి.

నిజంగా పెరిగితే ఎంత పెరుగుతుందో కూడా చెప్తాను. అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద బీపీ అధ్యయనం జరిగింది. అందులో 449 మందికి సుమారు నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు ఎమ్మారై తీసి, మచ్చల వాల్యూమ్ కొలిచారు. పై బీపీని 140 లోపు ఉంచాలని చూసిన గుంపులో మచ్చలు సగటున 1.45 మిల్లీలీటర్లు పెరిగాయి. 120 లోపుకి తేవాలని చూసిన గుంపులో 0.92. నాలుగేళ్లకి ఇదీ లెక్క. మీ అమ్మగారికి 14 నెలలే అయింది. ఇంత చిన్న మార్పుని పట్టుకోవాలంటే రెండుసార్లూ ఒకే మెషిన్, ఒకే రకం బొమ్మలు, ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలి. గుంటూరు బొమ్మకి మిల్లీలీటర్ల లెక్కే లేదు. మరి దేని మీద ఎంత పెరిగిందని చెప్తాం?

మీ తమ్ముడు ‘మెషిన్ లెక్క తప్పదు’ అన్నాడు. కూడిక తప్పదు, నిజమే. దేన్ని కూడాలో ఎంచుకోవడంలో తప్పుతుంది. కొన్నాళ్ల కిందట ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాంటి రిపోర్టే పట్టుకుని వచ్చారు. వాల్యూమ్ బాగా ఎక్కువ చూపించింది. ఆయన అప్పటికే ఆస్తి పంపకాల గురించి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టేశారు. సాఫ్ట్‌వేర్ తాను మచ్చ అనుకున్న చోట్లకి ఎర్ర రంగు పూసిన బొమ్మలు కూడా ఇస్తుంది. వాటిని తెరిచాను. ఆ ఎరుపులో పెద్ద ముక్క ఎప్పుడో వచ్చిపోయిన పాత స్ట్రోక్ తాలూకు గాయపు అంచు. ఇంకొంత నీటి గదుల్లో ఉండే నాళాల కుచ్చు, అది అందరికీ ఉంటుంది. మిగిలిన సిసలైన మచ్చలు ఆయన వయసుకి మామూలే. పాత స్ట్రోక్ ఉందన్నది ముఖ్యమైన సంగతి, దానికి మందులు వేరే. కానీ ఆ అంకె చెప్తున్నది ఆ సంగతి కాదు.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఒకావిడకి మొత్తం వాల్యూమ్ చాలా తక్కువ వచ్చింది, పక్కన పచ్చ గుర్తు. బొమ్మలు చూస్తే మెదడు లోతులో గింజంత గుంట కనిపించింది, చిన్న నాళం పూర్తిగా మూసుకుపోయి మిగిలిన గుర్తు. రక్తపు జాడలు చూపించే ఇంకో రకం బొమ్మల్లో నాలుగైదు నల్ల చుక్కలు కూడా ఉన్నాయి. ఆ రెండూ మచ్చల వాల్యూమ్‌లోకి రావు. ఆవిడకి రక్తం పలచబరిచే మందులు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వాటి చుట్టూనే తిరుగుతుంది. మామిడితోట బేరానికి వచ్చిన వ్యాపారి చెట్టు కింద నిలబడి పైకి చూసినప్పుడు కాపు ఎంతో ఒక్కటే చూడడు, కాయకి మంగు పట్టిందా, పూత ఎలా ఉంది, ఏ కొమ్మ ఎండింది అన్నీ చూస్తాడు. కాటా బరువు మాత్రమే చెప్తుంది. రేడియాలజిస్టు కన్ను చేసే పని ఆ చెట్టు కింద చేసే పని. ఈ మచ్చలు బీపీవా, మైగ్రేన్‌తో వచ్చినవా, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి వేరే జబ్బువా అన్నది వాటి ఆకారం, అవి ఉన్న చోటు చూసి చెప్పాలి.

అలాగని మా కన్నునే నమ్మండి అని మాత్రం అనను. ఒకే స్కాన్‌ని ఇద్దరు రేడియాలజిస్టులకిస్తే, 1కీ 2కీ మధ్య సరిహద్దులో ఉన్నవాటికి వేర్వేరు గ్రేడ్లు రావడం మామూలే. నేనే కొన్ని నెలల తేడాతో ఒకే మనిషి బొమ్మలు చూసి ఒకసారి 1, ఒకసారి 2 రాశాను. ఆ కుటుంబం రెండు కాగితాలూ నా టేబుల్ మీద పెట్టినప్పుడు చాలా బాధనిపించింది. అప్పట్నుంచి సరిహద్దులో ఉంటే రిపోర్టులో ఆ మాటే రాస్తున్నాను, చుక్కలు సుమారు ఎన్ని, ఎక్కడ అన్నదీ రాస్తున్నాను. గ్రేడుకి ఇంకో లోపం పై అంచులో ఉంది. 3 తర్వాత 4 లేదు. బాగా ముదిరినవాళ్లలో మచ్చలు రెట్టింపైనా మేం 3 అనే రాయాలి. యూరప్‌లో 11 కేంద్రాల్లో, 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 639 మందితో లాడిస్ అనే అధ్యయనం జరిగింది. అందులో కంటి గ్రేడ్లనీ కొలిచిన వాల్యూమ్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. నడక దెబ్బతిన్నవాళ్లని గుర్తించడంలో రెండూ ఇంచుమించు ఒకేలా పనికొచ్చాయి, జ్ఞాపకశక్తి తగ్గిందని చెప్పేవాళ్ల విషయంలో మాత్రం కొలతే మెరుగ్గా పట్టుకుంది. పై అంచు దగ్గర కూడా గ్రేడ్లు తేడాలని మింగేశాయి. ఒకే మనిషిలో ఏళ్ల తరబడి మార్పుని గమనించాలంటే కొలతే మేలు. పరిశోధనల్లో అందుకే దాన్ని వాడతారు. మీ అమ్మగారిలాంటివాళ్లకి ఒక్కసారి తీసిన స్కాన్ మీద కొలత కొత్తగా చెప్పేది తక్కువ.

మతిమరుపు వస్తుందా అని అడిగారు. దాటవేయకుండా చెప్తాను. మచ్చలు ఎక్కువగా ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నీ కలిపి 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. వాళ్లకి స్ట్రోక్ ముప్పు మిగతావాళ్ల కంటే సుమారు 3 రెట్లు, డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ముప్పు సుమారు 2 రెట్లు ఉందని తేలింది. కాబట్టి ‘ఏం ఫర్వాలేదు, వయసే’ అని కొట్టిపారేసే విషయం కాదిది. గ్రేడ్ 1 అన్న రిపోర్టు చూసి మాత్రలు మానేసినా నష్టం లేదని మీ అమ్మగారు అనుకుని ఉంటే, ఆ మాటలో ‘వయసుతో వచ్చే మార్పులు’ అన్న ముక్క ఆవిడకి కీడే చేసింది. అయితే అది గుంపు లెక్క. ఒక మనిషికి మతిమరుపు జబ్బు ఉందా లేదా అన్నది స్కాన్‌లో అంకె తేల్చదు. వంటలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా, చిట్టీ లెక్కలు ఎప్పుడూ చూసుకునే మనిషి ఇప్పుడు తడబడుతున్నారా, నడక నెమ్మదించి అడుగులు నేలకి ఈడుస్తున్నారా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా, ఇవి చూడండి. మీ ఉత్తరంలో అలాంటిదొక్కటీ లేదు. ఉంటే న్యూరాలజిస్టు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలి. అది కాగితం, పెన్సిలుతో చేసే పరీక్షే.

ఇక ఏం చేయాలో చెప్తాను. రెండు స్కాన్‌ల సీడీలూ తీసుకోండి. ఫిల్ములు కాదు, రిపోర్టు కాగితాలు కాదు, బొమ్మలున్న సీడీలు. గుంటూరు సెంటర్లో అడిగితే పాతది మళ్లీ కాపీ చేసి ఇస్తారు. రెండూ ఒకే రేడియాలజిస్టుకి ఇచ్చి, ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి చూడమనండి. ‘పాత స్కాన్‌తో పోలిస్తే కొత్త మచ్చలున్నాయా, ఉన్నవి కలిశాయా’ అన్న ఒక్క ప్రశ్నకి జవాబు రాయమనండి. బొమ్మలు వేర్వేరు మెషిన్లవైనా, ఒక చుక్క పక్కన కొత్త చుక్క పుట్టిందా లేదా అన్నది మనిషి కన్ను చాలావరకు చెప్పేస్తుంది. మెషిన్ తేడాని మనసులో సర్దుకుని చూడటం కంటికి అలవాటే. అలాగే చిన్న గుంటలు, రక్తపు చుక్కలు ఉన్నాయో లేవో విడిగా రాయమనండి. ఎర్ర రంగు పూసిన పేజీలు కూడా వాళ్లకి చూపించండి.

బీపీ సంగతి మాత్రం సీడీల కోసం ఆగకండి. ఈ మొత్తం వ్యవహారంలో మన చేతిలో ఉన్నది అదే. చేతికి పట్టీ చుట్టే బీపీ మెషిన్ కొని తెనాలిలో ఇంట్లో పెట్టండి. వారం రోజులు పొద్దున మాత్రకి ముందు, సాయంత్రం అన్నానికి ముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండేసి సార్లు చూసి ఒక నోటుబుక్కులో రాయమని నాన్నగారికి చెప్పండి. ఒకరోజు పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకీ కూడా చూడాలి. లేవగానే బీపీ పడిపోతుంటే కళ్లు తిరగడానికి కారణం అదే కావచ్చు. చెవి లోపలి సమస్య వల్ల కూడా కళ్లు తిరుగుతాయి, మంచం మీద పక్కకి తిరిగినప్పుడే గిర్రున తిరిగితే అదే అనుమానించాలి. మొదటి స్కాన్ ఎందుకు తీయించారో ఈ గొడవలో అందరూ మర్చిపోయారు. మచ్చల మాట ఎలా ఉన్నా, ఆ తల తిరుగుడికి కారణం ఎవరూ చెప్పలేదు.

నోటుబుక్కు చూసి ఎంత బీపీ ఉండాలో మీ ఫిజీషియన్ నిర్ణయిస్తారు. స్ప్రింట్‌లో 120 అన్నారని సొంతంగా మాత్ర పెంచకండి. లేవగానే పడిపోయే మనిషికి మరీ తగ్గిస్తే తుంటి విరుగుతుంది. మాత్ర ఎందుకు మానేస్తున్నారో ఆవిణ్ని అడగండి. కాళ్లు వాస్తున్నాయా, దగ్గు వస్తోందా, ఊరికే మర్చిపోతున్నారా? కాళ్ల వాపో, దగ్గో అయితే వేరే మాత్రలున్నాయి. ఆవకాయ పూర్తిగా మానమని నేను అనను, మానరని నాకు తెలుసు. రోజూ రెండు పూటలా కాకుండా, పెరుగన్నంలోకి ఒక ముక్క అని ఒప్పించండి. షుగరు, కొలెస్ట్రాల్, బీ12, థైరాయిడ్ ఒకసారి చూపించండి. గురక ఎక్కువగా ఉండి, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని నాన్నగారిని అడగండి. అలా ఆగితే రాత్రిళ్లు బీపీ పెరుగుతుంది.

మూడు నెలలకోసారి ఎమ్మారై వద్దు. మూడు నెలల్లో కనపడే తేడాలో మెదడు మార్పు కంటే కొలత పొరపాటే ఎక్కువ. కొత్త లక్షణాలేమీ లేకపోతే అసలు మళ్లీ తీయక్కర్లేకపోవచ్చు. డాక్టరు గమనించాలనుకుంటే ఏడాది దాటాక, హైదరాబాద్‌లో తీసిన ఆ మెషిన్ మీదే, అవే బొమ్మలు, అదే సాఫ్ట్‌వేర్‌తో తీయించండి. అప్పుడు 6.8 పక్కన పెట్టి చూడదగ్గ అంకె వస్తుంది. ఆ ఒక్క కారణానికే రెండో రిపోర్టుని పారేయకుండా ఫైల్లో దాచుకోండి. మూతి పక్కకి లాగడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఒక్కసారిగా చూపు పోవడం, వీటిలో ఏది జరిగినా స్కాన్ సెంటర్ వెతుక్కోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగూ నాన్నగారికీ, పక్కింటివాళ్లకీ చెప్పి ఉంచండి. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, ఆ సమయానికి దగ్గరుండేది వాళ్లే.

అమ్మకి ఏం చెప్పాలా అని మీరు ఆలోచిస్తూ ఉంటారు. మెదడులో చెంచాడు మచ్చలున్నాయని, అవి బీపీ వల్ల వచ్చినవి కావచ్చని, ఎండిపోవడం అనేది లేదని, మాత్ర రోజూ వేసుకుంటే అవి పెరిగే వేగం తగ్గుతుందని ఆమెకే నేరుగా చెప్పండి. ఆవిడ్ని పక్కన పెట్టి ఫోన్లలో గుసగుసలాడితే ఇంకా భయపడతారు. సీడీలు పోల్చి చూసిన రేడియాలజిస్టు నిజంగానే కొత్త మచ్చలు వచ్చాయని రాస్తే, ఆ రిపోర్టూ వారం బీపీ లెక్కలూ కలిపి నాకు మళ్లీ రాయండి.